వరిమడిలో పుట్టే మీథేను - దాని లెక్క

నీరు నిలిచిన వరిమడిలో కాలు పెట్టినప్పుడు బురదలో నుండి బుడగలు పైకి వచ్చుట మనలో చాలమంది చూచియే ఉంటారు. అది పాదము క్రింద చిక్కుకొన్న గాలి అని సాధారణముగా అనుకొంటాము. కాని ఉడుపులు పూర్తియై నెల గడచిన మడిలో ఆ బుడగలలో మండే స్వభావము గల మరొక వాయువు కూడ చేరి ఉంటుంది. దాని పేరు మీథేను. విద్యుత్ ఘటమును కనిపెట్టిన వోల్టా పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులందరికి తెలిసినదే. ఆయనయే 1776లో ఇటలీ దేశపు మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, ఆ వాయువు మండుటను గమనించినాడు. మన పల్లెలలో గోబరు గ్యాసు పొయ్యిమీద మండేది కూడ ఈ వాయువే. పేడనీటి తొట్టిలో జరిగే పనియే, ఇంకా నెమ్మదిగా, వరిమడిలో జరుగుతున్నది.

ఈ వాయువు మండుటతో ఇక్కడ మనకు పనిలేదు. ఇది గాలిలో చేరి భూమి నుండి పోవలసిన వేడిని ఆపుతుంది. బరువుకు బరువు తీసికొని నూరేండ్ల కాలము మీద లెక్కించినచో, మడులలో పుట్టిన మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు ఎక్కువగా వేడిని నిలుపుతుంది. అయితే దాని ఆయువు తక్కువ. సుమారు 12 ఏండ్లలో అది నశిస్తుంది. యంత్రయుగమునకు పూర్వము పది లక్షల పాళ్ళ గాలిలో 0.7 పాలు మాత్రమే ఉండిన మీథేను ఇప్పుడు 1.9 పాళ్ళు దాటినది. మనుష్యుల పనుల వలన పుట్టే మీథేనులో ఇంచుమించు పదవ వంతు వరిపొలములదని అంచనా. మిగిలినది పశువులు, బొగ్గుగనులు, చమురు బావులు, చెత్తకుప్పలు మొదలైన వాటిది.

ఇక్కడ "అంచనా" అనే మాట వద్ద మనము కొంత ఆగవలసి ఉన్నది. పొలము నుండి పోయే వాయువును ఎవరు తూచినారు? ఎట్లు తూచినారు?

ఒక అంకె కథ

1990 ప్రాంతములో అమెరికా దేశపు పర్యావరణ సంస్థ లెక్క ప్రకారము భారతదేశపు వరిపొలముల నుండి ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను వెలువడుతున్నదని ప్రకటితమైనది. ఈ అంకెను సామాన్య గణితముతోనే పరీక్షించవచ్చును. మన దేశములో వరి సాగు సుమారు 4 కోట్ల 20 లక్షల హెక్టార్లు. భాగించినచో హెక్టారుకు 900 కిలోలు వస్తుంది. 1990-91లో మన దేశమంతట పండిన బియ్యము సుమారు 7 కోట్ల 43 లక్షల టన్నులు. అనగా రెండు బస్తాల బియ్యము పండిన చోట ఒక బస్తా బరువు మీథేను గాలిలోనికి పోయినదని చెప్పినట్లు. అనుమానము కలుగవలసిన అంకెయే.

ఆ లెక్కకు ఆధారములు అమెరికా, ఐరోపా ఖండముల పొలములలో చేసిన కొలతలు. ఆ పొలములలో విత్తినది మొదలు కోతల ముందు వరకు నీరు నిలిచి ఉంటుంది. నేలలో జీవపదార్థము హెచ్చు. అక్కడి రేటును మన విస్తీర్ణముతో గుణించినారు. దీనిని సరిచూచుటకు 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యమున, ఆచార్య ఎ. పి. మిత్రా నాయకత్వములో, దేశములోని ప్రధానమైన వరి ప్రాంతములలో కొలతలు తీసినారు. తేలిన మొత్తము సుమారు 40 లక్షల టన్నులు. అనగా మొదటి అంకెలో పదవ వంతునకు కొంచెము హెచ్చు. తరువాతి జాతీయ లెక్కలన్నియు దాని పరిసరములలోనే ఉన్నవి. ఏ దేశము ఎంత వేడిమి వాయువును తగ్గించవలెనని ప్రపంచ సభలలో బేరసారములు మొదలైన రోజులవి. ఆ మొదటి అంకె అట్లే నిలిచిపోయి ఉన్నచో, గంజి కొరకు వరి పండించుకొనే రైతు మీద పడే నింద పదింతలై ఉండేది.

మన రెండు జిల్లాల పొలములను ఈ దృష్టితో చూడవలెను. (2022లో విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల నుండి పార్వతీపురము మన్యము జిల్లా వేరైనది గాని, పొలములు మాత్రము మారలేదు.) వంశధార మీది గొట్టా బ్యారేజి, నాగావళి మీది తోటపల్లి, నారాయణపురము కట్టల క్రింద కాలువ నీరు పారుతుంది. వాటికి దూరముగా వందలాది చెరువులు ఉన్నవి. ఇంకను ఎగువన ఆకాశము వంక చూచే మడులు. ఈ మూడింటిలోను ఒకే రకము స్వర్ణయో, శ్రీకాకుళము సన్నాలో ఊడ్చి ఉండవచ్చును. రికార్డులో అంతయు "వరి" అనే ఒక్క మాటగా ఉంటుంది. మీథేను విషయములో మాత్రము అవి మూడు వేరు వేరు పంటలు.

బురదలో జరిగేది

కారణము నేలలో ఉన్నది. ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మడికి నీరు పెట్టి దమ్ము చేసిన ఒకటి రెండు రోజులలోనే బురదలోని సూక్ష్మజీవులు ఉన్న ప్రాణవాయువును పీల్చివేస్తాయి. తరువాత వాటికి శ్వాసకు వేరొక ఆధారము కావలెను. పెండ్లి విందులో పంక్తులు లేచినట్లు ఒక జాతి తరువాత మరొక జాతి వంతు వస్తుంది. మొదట నైట్రేటులను వాడుకొనేవి, తరువాత మాంగనీసును, దాని తరువాత ఇనుము తుప్పును, అటుపిమ్మట సల్ఫేటులను వాడుకొనేవి. ఇవన్నియు అయిపోయిన తరువాతనే మీథేనును పుట్టించే సూక్ష్మజీవుల వంతు. అది కడపటి పంక్తి. ముందు పంక్తులు సాగినంత కాలము దానికి విస్తరి పడదు.

మన రెండు జిల్లాలలోను ఎర్రనేలలే హెచ్చు. ఆ ఎరుపు ఇనుము తుప్పుదే. కనుక ఇనుము పంక్తి ఇక్కడ దీర్ఘముగా సాగి మీథేను కొంత ఆలస్యమవుతుంది. సముద్రము దాపున ఉప్పు తగిలిన నేలలలో సల్ఫేటు పంక్తి కూడ అట్టిదే. పాఠశాల విద్యార్థులు ఇనుము మార్పును కంటితో చూడవచ్చును. నీరు నిలిచిన మడిలో అడుగుమట్టి ఎరుపు పోయి బూడిద నీలముగా మారుతుంది. అదే మడిలో మొక్కను పెరికి వేళ్ళు కడిగి చూచినచో వాటికి తుప్పు పూత పట్టి ఉంటుంది. వరి తన వేళ్ళ ద్వారా కొంత ప్రాణవాయువును బయటికి వదలుచున్నందున ఆ చుట్టుప్రక్కల ఇనుము మరల తుప్పు పట్టినదన్నమాట.

మడి నాలుగు రోజులు ఆరినప్పుడు ఏమగును? నెర్రెల గుండా గాలి చొరబడుతుంది. ఇనుము మరల తుప్పుగా మారుతుంది. సల్ఫేటు మరల ఏర్పడుతుంది. అటు తరువాత నీరు పెట్టినను విందు మొదటి పంక్తి నుండి మరల ఆరంభము కావలసినదే. అందుచేత ఆరినది నాలుగు రోజులే అయినను మీథేను తగ్గేది అంతకు మించిన దినములు. ఈ విషయము ఈ శాస్త్రమంతటిలోను కీలకమైనది.

పుట్టిన మీథేను అంతయు బయటపడదు. వేళ్ళ వద్ద, మట్టి పైపొరలో ప్రాణవాయువు ఉన్న చోట దానిని తినివేసే మరియొక జాతి సూక్ష్మజీవులు ఉన్నవి. మిగిలిన దానిలో సుమారు తొంబది పాళ్ళు వరిమొక్క ద్వారానే పైకి వస్తుంది. వేళ్ళకు గాలి అందించుటకు వరి కాండములో సన్నని నాళములు ఉన్నవి గదా! గాలి దిగే గొట్టమే మీథేను ఎక్కే గొట్టము. మనము చూచే బుడగలు తక్కిన కొంచెములోనివి మాత్రమే.

కొలత, రేటు, గుణకారము

పొలములో కొలిచే పద్ధతి సులభమైనదే. అడుగు లేని పారదర్శకమైన పెట్టెను మొక్కల మీద బోర్లిస్తారు. వెంటనే ఒకసారి, అరగంటకు మరొకసారి లోపలి గాలిని సిరంజితో తీసి ప్రయోగశాలలో వాయు వర్ణలేఖన యంత్రములో పరీక్షిస్తారు. ఒక చదరపు మీటరు అడుగు, ఒక మీటరు ఎత్తు గల పెట్టె అనుకొందాము. అరగంటలో మీథేను పది లక్షలకు 2 పాళ్ళ నుండి 5 పాళ్ళకు పెరిగినది. 3 పాళ్ళనగా ఘనమీటరు గాలిలో 3 ఘన సెంటీమీటర్లు. బరువు సుమారు 2 మిల్లీగ్రాములు. గంటకు 4, రోజుకు 96 మిల్లీగ్రాములు. హెక్టారుకు పదివేల చదరపు మీటర్లు గనుక రోజుకు ఒక కిలోకు కొంచెము తక్కువ. ఇటువంటి కొలతలు ఋతువంతయు తీసి సగటు కట్టితే రేటు వస్తుంది. మనకు పొరుగున ఉన్న కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఇట్టి కొలతలు చాల ఏండ్లుగా సాగినవి.

ప్రతి మడిలోను పెట్టె పెట్టుట సాధ్యము కాదు. అందుకే గణిత నమూనా కావలసి వచ్చినది. నమూనా అనగానే భయపడనక్కరలేదు. ప్రపంచ దేశములన్నియు అనుసరించే మొదటి మెట్టు నమూనా బారువడ్డీ సూత్రము వంటిది. అసలు, కాలము, రేటు గుణించినట్లు ఇక్కడ విస్తీర్ణమును, మడిలో పైరు ఉన్న దినములను, రోజువారీ రేటును గుణిస్తారు. వాతావరణ మార్పును గూర్చిన అంతర్ప్రభుత్వ సంఘము 2019లో సవరించిన సూచనల ప్రకారము దక్షిణాసియాకు రేటు హెక్టారుకు రోజుకు 0.85 కిలో. ఇది ఎప్పుడును నీరు నిలిచి, సేంద్రియపు ఎరువు వేయని మడికి. మిగిలిన మడులకు దీనిని కొన్ని భిన్నములతో గుణించవలెను.

మన ప్రాంతమునకు లెక్క వేసి చూతము. చాల పొలములలో ఖరీఫు వరి ఒక్కటే. కోతల తరువాత మినుమో పెసరో పండి, ఆపైన తొలకరి వరకు బీడు. అట్లు ఆరు నెలలు మించి నీరు లేని మడికి భిన్నము 0.89. పైరు మడిలో 120 రోజులు ఉన్నచో, నీరు ఎడతెగక నిలిచిన ఎకరము నుండి సుమారు 37 కిలోల మీథేను. ఇది ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుతో సమానము. అదే మడిని పలుమార్లు ఆరనిచ్చినచో భిన్నము 0.55; ఎకరమునకు 20 కిలోలు. వానమీద ఆధారపడిన సాధారణపు మడికి 0.54, ఇంచుమించు అంతే. వానలు తప్పే స్వభావము గల మడికి 0.16, ఆరు కిలోలు మాత్రమే. ముప్పది ఏడెక్కడ, ఆరెక్కడ! విత్తనము ఒక్కటే, నేల ఒక్కటే కావచ్చును. భేదమంతయు నీటిది.

దినములు తగ్గినను మొత్తము తగ్గుతుంది. ఇంచుమించు 150 రోజుల స్వర్ణకు బదులు 120 రోజుల కాటన్‌దొర సన్నాలు వేసినచో, మడిలో గడిపే కాలము అయిదవ వంతు తగ్గవచ్చును.

సేంద్రియపు ఎరువుల సంగతి కొంత చిక్కైనది. హెక్టారుకు 2 టన్నుల ఎండుగడ్డిని దమ్ముకు నెల లోపుగా దున్నివేసినచో మీథేను 1.9 రెట్లు అవుతుందని ఈ నమూనా చెప్పుతుంది. అదే గడ్డిని నెలకు మించి ముందుగా, పొడినేలలో దున్నినచో 1.2 రెట్లే. తేదీ మారినందువలన కలిగే భేదమిది. 5 టన్నుల పశువుల గెత్తము 1.5 రెట్లు చేస్తుంది. పచ్చిరొట్టగా వేసే జనుము, జీలుగ అంతే బరువైనచో రెండు రెట్లు. అంతమాత్రమున జీలుగ వేయవద్దనుట తెలివితక్కువ. భూసారమునకు దాని మేలు వేరే లెక్కలోనిది. ఎండుగడ్డి విషయములో మాత్రము వేసవి దుక్కి ఉభయతారకము. మన వైపు గడ్డిని కుప్పవేసి పశువులకు వాడుకొనే అలవాటు ఈ లెక్కకు అనుకూలమే. కోతయంత్రములు వచ్చిన చోట్ల గడ్డి మడిలోనే మిగిలిపోతున్నందున ఇప్పుడు ఈ ప్రశ్న కొత్తగా వచ్చినది.

బారువడ్డీ నమూనాకు మించినవి కూడ ఉన్నవి. 1992లో చాంగ్‌షెంగ్ లీ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలో తయారుచేసిన డి.ఎన్.డి.సి. అనే నమూనా పేరుపొందినది. అది రోజువారీ వాన, ఎండ, నేల స్వభావము, ఎరువులు, నీరు పెట్టిన తేదీలు తీసికొని, పైన చెప్పిన పంక్తుల వ్యవహారమును దినదినము లెక్కకట్టుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన హిమాంశు పాఠక్, లీ మొదలైనవారు 2005లో దీనిని మన దేశమంతటికి వర్తింపజేసినారు. పొలములన్నిటిలో నీరు ఎడతెగక నిలిచినదని ఊహించినచో ఏటా సుమారు 14 లక్షల టన్నులు. అన్నింటిని తడిపి ఆరబెట్టుచున్నారని ఊహించినచో 2 లక్షల టన్నుల లోపు. కొలతల నుండి తేలిన 40 లక్షలతో ఇది సరిపోలేదు. నమూనాల మధ్య తగవు తీరలేదని ఒప్పుకొనవలెను. కాని నీటిని గూర్చిన ఒక్క ఊహ మారినందుకే సమాధానము ఎన్నో రెట్లు మారినది. నమూనా ఎంత గొప్పదైనను, మడిలో నీరు ఎన్నాళ్ళు నిలిచినదో తెలియనిదే దానికి దారి లేదు.

ఉపగ్రహములు చెప్పవా? అని విద్యార్థులు అడుగుతారు. 2014 నుండి పనిచేస్తున్న సెంటినెల్-1 వంటి ఉపగ్రహములు రాడారుతో మేఘముల గుండా కూడ నేలను చూస్తాయి. ఉడుపుల సమయములో నీటిమడి స్పష్టముగా నల్లగా కనిపిస్తుంది. పైరు దుబ్బు కట్టి ఆకు కమ్మిన తరువాత అడుగున నీరు ఉన్నదో లేదో చెప్పుట దానికి కష్టమవుతుంది. మీథేను జోరుగా వచ్చే కాలము సరిగా అదే. వీటికి తోడు తుపానులు ఉన్నవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటినప్పుడు వంశధార పొంగి, రైతు పెట్టని నీరు పొలములలో నిలిచినది. ఏ నీటిపారుదల పట్టికలోను ఆ దినములు ఉండవు.

రైతుకు దీనితో ఏమి పని అనే ప్రశ్న న్యాయమైనది. మడిని ఆరబెట్టి మీథేనును తగ్గించినందుకు రైతులకు సొమ్ము ఇచ్చే పథకములు ఇటీవల వస్తున్నవి. వాటిలో ఒక టన్ను బొగ్గుపులుసు వాయువునకు సమానమైన తగ్గింపును ఒక ప్రమాణముగా కొని అమ్ముతారు. పైలెక్కలో 37 కిలోలు 20కి తగ్గినచో ఆదా 17 కిలోలు. అది ఎకరమునకు అర టన్నుకు కూడ తక్కువ. ఎగువన వానమడి రైతు ఏనాడో 20 వద్ద ఉన్నాడు. ఆయనకు తగ్గించవలసినది లేదు, వచ్చే సొమ్మును లేదు. ఆయన మడిని కాగితము మీద "ఎడతెగని నీరు" అని వ్రాసినచో లేని ఆదాను అమ్మినట్లగును. కాలువ రైతు నిజముగా ఆరబెట్టినను తేదీలు లేకున్నచో నిరూపించలేడు.

మరియొక హెచ్చరిక కూడ ఉన్నది. మడిని బాగుగా ఎండగట్టి మరల తడిపినప్పుడు, యూరియా వేసిన నేలలో నైట్రస్ ఆక్సైడు అనే వాయువు పుట్టవచ్చును. అది బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రముల పొలములలో కొలిచి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో హెక్టారుకు ఋతువులో 33 కిలోల వరకు ఈ వాయువు వచ్చిన సందర్భము కనబడినది. అది ఎకరమునకు మూడున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానము. మీథేను ఆదాను మించినది. అన్ని మడులలోను ఇట్లు జరుగదు. కాని ఒక్క మీథేనునే లెక్కించే నమూనాను నమ్మి నేలను బీటలు తీయించుట నాకు సమ్మతము కాదు.

దీనికి మధ్యేమార్గముగా ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఒక గొట్టమును ప్రచారములోనికి తెచ్చినది. ఊరిలోని పాఠశాల తానే తయారుచేసికొనదగినది. ఒక అడుగు పొడవు, నాలుగైదు అంగుళముల వెడల్పు గల ప్లాస్టిక్ గొట్టమును తీసికొని, క్రింది సగమునకు చుట్టును రంధ్రములు వేసి, ఆ సగము మట్టిలో దిగునట్లు గట్టుకు దగ్గరగా పాతి, లోపలి మట్టిని తోడివేయవలెను. బయట నీరు లేకున్నను లోపల నీరు ఎంత లోతున ఉన్నదో కనబడుతుంది. నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగిన తరువాతనే మరల పెట్టవలెనని నియమము. అంతవరకు వేళ్ళకు తేమ అందుతూనే ఉంటుంది. పూత సమయములో మాత్రము మడిని ఆరనీయరాదు.

కాలువ మొదట ఒకటి, చివర ఒకటి, చెరువు క్రింద ఒకటి, వానమడిలో ఒకటి, ఇట్లు నాలుగు గొట్టములు చాలును. ఉడుపుల నుండి కోతల వరకు ప్రతి ఉదయము స్కేలుతో లోతు చూచి, తేదీ ప్రక్కన వ్రాసికొనవలెను. నేలపైన నీరు ఉన్నచో కూడిక గుర్తు, క్రిందికి పోయినచో తీసివేత గుర్తు. ఆనాటి నీరు వానదా, కాలువదా, చెరువుదా అన్నది మరొక గడిలో. దమ్ముకు ఎన్ని రోజుల ముందు గడ్డిగాని గెత్తముగాని వేసినారో రైతును అడిగి మొదటి పుటలోనే వ్రాయవలెను. ఆరు నెలల తరువాత అడిగినచో ఆయనకు గుర్తుండదు.